అమృతమ్మ పాతిన కొయ్యలు

నల్లగుండ్ల చెరువులో వల వేసేది మగవాళ్లే గానీ, ఆ వల ఎక్కడ ఆగాలో చెప్పేది ఆడవాళ్లు. ఏటా మృగశిర కార్తెకు వారం ముందు, చేపల మీద బతికే ఇళ్లలోని ఆడవాళ్లంతా తలా ఒక మోపు వేపకొయ్యలు నెత్తిన పెట్టుకుని చెరువుకు పోతారు. తొలకరి వరద రాగానే చేపలు లోతు నీళ్లు వదిలి, గడ్డి మునిగిన పల్లంలోకి ఎదురెక్కి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ వరద ఎంతమేరకు వస్తుందో అంతమేరకు కొయ్యలు పాతుతారు. ఆ కొయ్యల లోపల రెండు నెలలు వల పడదు, బర్రె దిగదు. చేపపిల్లలు వేలెడు పొడుగయ్యాక ఎవరి కొయ్యలు వాళ్లు పీక్కుని పొయ్యిలో పెట్టుకుంటారు.

అమృతమ్మకు ఆ విద్య అత్త నేర్పింది. రాతి గుండ్ల మీద నీరు వదిలిన తెల్లచార ఎంత ఎత్తున ఉందో చూడాలి. నత్తగుల్లలు ఏ వరుసన ఎండిపోయాయో చూడాలి. తుంగ ఆగిపోయి గరిక మొదలయ్యే చోట కాలివేళ్లతో మట్టి నొక్కి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కతే పాతకూడదు. సగం మంది తూర్పు కొస నుంచి, సగం మంది పడమటి కొస నుంచి పాతుకుంటూ వచ్చి నడుమ కలవాలి. రెండు వరుసలూ జానెడు తేడాలో కలిస్తే గీత సరిగ్గా ఉన్నట్టు. కలవకపోతే ఒకరినొకరు గుడ్డిదానివని తిట్టుకుంటూ, నవ్వుకుంటూ మొదటికి పోవాలి.

ఆ ఒక్క నియమాన్ని అమృతమ్మ పాండు కోసం తప్పింది.

పాండు ఆమె ఆడబిడ్డ కొడుకు. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్లు. పిల్లలు లేని ఆ ఇంట్లో పెరిగాడు. ఎనిమిదో ఏట పరకచేప ముల్లు గొంతులో గుచ్చుకుని దవాఖానకు పోవలసివచ్చింది. అప్పటినుంచి వాడి కంచంలో చేప వేస్తే ముళ్లు తీసి వేయడం అమృతమ్మకు అలవాటైపోయింది. వాడికి పెళ్లయి, ముప్ఫై ఆరేళ్లొచ్చి, చేపల సంఘానికి అధ్యక్షుడై తెల్లకారులో తిరుగుతున్నా ఆ అలవాటు పోలేదు. భర్త రాజయ్య ఓ మూల వల బాగుచేసుకుంటూ ఓరగా చూసి, అధ్యక్షుల వారికి బువ్వ కూడా నమిలి పెట్టరాదూ అనేవాడు. పాండు నవ్వి, ఇంకో చేప ముక్క వేయించుకునేవాడు.

అమృతమ్మకూ రాజయ్యకూ ఇల్లు లేదు. ఊళ్లో ఉన్న రెండు దూలాల ఇల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. శంషాబాద్‌లో కిరాయికి ఉండటం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు. మారిన గదులు పదకొండు. ఎవరూ తగవు పెట్టుకుని వెళ్లగొట్టలేదు. మొదట అమృతమ్మ చేపలమ్మే గంపను బయట పెట్టుకొమ్మనేవాళ్లు. కొన్నాళ్లకు చీర దండెం మీద వేయవద్దనేవాళ్లు. ఆ తర్వాత చుట్టాలొస్తున్నారు, గది కావాలి అనేవాళ్లు. చేపల వాసన అన్న మాట మాత్రం ఎదురుగా ఎవరూ అనలేదు. ఆ మర్యాదకు కూడా అమృతమ్మ వాళ్లను మంచివాళ్లనే అనుకునేది.

పదకొండో గది సలేహా ఇంటి వెనకవైపుది. మొదటిరోజే గంపలోకి తొంగి చూసి, కొర్రమట్ట ఉందా అని అడిగిన ఇంటావిడ ఆమె ఒక్కతే. అమ్ముడుపోక మిగిలిన చేపలకు తన ఫ్రిజ్‌లో కింది అర ఖాళీ చేసి ఇచ్చింది. ఐస్‌క్రీం చేపల వాసన వస్తోందని మనవరాలు ఇఖ్రా ముఖం ముడుచుకుంటే, అయితే దాని మీద నిమ్మకాయ పిండుకో అంది. ఆరేళ్లు అలా గడిచాక, ఈ రంజాన్‌కు ముందు, ఆమె కొడుకు మొహసిన్ ఇల్లు పడగొట్టి విమానాశ్రయంలో పనిచేసే పిల్లలకు హాస్టల్ కడతానన్నాడు. ఆ సంగతి చెప్పడానికి సలేహా మూడురోజులు గడప దాకా వచ్చి వెనక్కి పోయింది. నాలుగో రోజు టీ గ్లాసు చేతికిచ్చి, దసరా దాకా ఎవ్వరూ నిన్ను కదిలించరు అంది. అది ఎంత పోరాడి తెచ్చిన గడువో అమృతమ్మకు ఆమె కళ్లు చూస్తే తెలిసింది.

ఆ వారంలోనే పాండు వచ్చాడు. భోంచేస్తూ, సంఘంలో సొంతిల్లు లేని ముప్ఫై ఆరు కుటుంబాలకు సర్కారు రెండు గదుల ఇళ్లు మంజూరు చేసిందని చెప్పాడు. అదీ చెరువు పక్కనే. ముల్లు తీస్తున్న అమృతమ్మ చేయి ఆగిపోయింది. చేపలు కడుక్కోవడానికి వాకిట్లో నల్లా ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాడు. గంప ఎక్కడ పెట్టుకున్నా అడిగేవాళ్లుండరు కదా అంది. నీ ఇంట్ల నిన్ను అడిగేటోడెవడత్తా అన్నాడు.

తర్వాత అసలు పని చెప్పాడు. అధికారుల దగ్గరున్న పటాలు పాతవి, నీటి గీత ఎక్కడుందో వాళ్లకు తెలియదు.

“నువ్వు జర కొయ్యలు పాతి సూపెట్టు. గీతకు మీద ఇండ్లు కడతరు. కింద చేపల జాగ చేపలకుంటది. ఎవ్వరికీ పరేషాన్ లేదు.”

మృగశిర రానీ, అందరం కలిసి పాతుదాం అంది అమృతమ్మ. అప్పటికి మంజూరు వెనక్కి పోతుందన్నాడు. పదిమందికి తెలిస్తే ఇల్లు రాని వాళ్లు అడ్డం పడతారన్నాడు. ఆమె సరేనంది. మాఘమాసపు చలిలో, తెల్లవారగానే ఒక్కతే పోయి నలభై కొయ్యలు పాతింది. వాడి వెంట వచ్చిన ఇద్దరు పట్నం మనుషులు కొయ్య కొయ్య దగ్గరా ఆగి ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకతను ఆమె చేతులు వణుకుతున్నాయని తన మఫ్లర్ ఇవ్వబోయాడు. అందుకే ఆమెకు వాళ్ల మీద అనుమానం కలగలేదు. ఇంటి దరఖాస్తులని పాండు ఇచ్చిన కాగితాల మీద నాలుగు చోట్ల సంతకం చేసింది. ఐదో తరగతిలో నేర్చుకున్న సంతకం. ఒత్తు సరిగ్గా పడని చోట మళ్లీ దిద్దింది.

ఉగాదికి సంఘంలో చీటీలు తీస్తే ఆమెకు పంతొమ్మిదో నంబరు ఇల్లు వచ్చింది. పని మొదలైంది. స్థలం చుట్టూ నీలంరంగు రేకులు నిలబెట్టారు. సిమెంటు పోతుంది, లోపలికి రావద్దన్నారు. అమృతమ్మ రోజూ రాజయ్య చేత ఆ రేకుల సంగతి చెప్పించుకునేది.

ఎండాకాలం చివర ఒక పొద్దున, చేపల సంచి దించుతూ రాజయ్య మామూలుగా అన్నాడు. “మాఘంల నువ్వు పాతిన కొయ్యలు నీళ్ల పక్కకున్నయేందే? తెప్ప మీంచి చేతికందేటట్టు కనబడ్డయ్.”

అమృతమ్మ గంప అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది.

నీటివైపు రేకులు లేవు. గట్టు చుట్టి అటునుంచి లోపలికి పోయింది. కొయ్యలు ఆమెవే. తలలు కొడవలితో ఏటవాలుగా చెక్కడం ఆమె పద్ధతి. అవి తుంగలో కాదు, తుంగకు కూడా కింద, బురద ఎండి బీటలు వారిన చోట ఉన్నాయి. అక్కడినుంచి పైకి చూసింది. కొయ్యలు దాటగానే తుంగను ఇంచు మిగల్చకుండా గీకేసి ముప్ఫై ఆరు ఇళ్లకు పునాదులు తవ్వారు. వాటికి పైన, మాఘంలో ఆమె గుంతలు పొడిచిన వరుసలోనే, తెల్లసున్నం వేసిన హద్దురాళ్లు. ఆ రాళ్ల వెనక గరిక నేలంతా రంగురంగుల జెండాలు. ఎత్తుగా ఒక బోర్డు, దాని మీద విమానం బొమ్మ. అప్పుడే నిజం విమానం ఒకటి చక్రాలు దించుకుని నెత్తిమీదుగా పోయింది. ఆ మోత తగ్గేదాకా ఆమె కదల్లేదు.

పాండు జెండాల కింద కుర్చీ వేసుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి లేచి వచ్చాడు. ఎండలో ఎందుకొచ్చావని నీళ్ల సీసా ఇచ్చాడు.

“కొయ్యలు నేను పాతిన కాడ లేవు పాండూ.”

“వాటికి కాళ్లొచ్చినయేమో అత్తా” అని నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. వాడు కూడా మానేశాడు.

తర్వాత వాడు చెప్పిందంతా నెమ్మదిగానే చెప్పాడు, పెద్దవాళ్లకు బస్సు దారి చెప్పినట్టు. పైనున్నది పట్టా భూమి. పట్నం వాళ్లు కొన్నారు. అది నీటి గీతకు పైనే ఉందని తేలితే తప్ప ప్లాట్లకు అనుమతి రాదు. అందుకు గీత కావలసివచ్చింది. కింద సర్కారు భూమి. పేదోళ్ల ఇళ్లు సర్కారు భూమిలోనే కదా కట్టేది. అక్కడికి నీళ్లు రావని కాగితం కావాలి కాబట్టి, ప్లాట్ల పని అయ్యాక కొయ్యలు కిందకు జరిపించాడు.

“నీళ్లొస్తయ్ రా.”

“ఎన్నేండ్లకొకసారి వస్తయ్?”

“అంత నీకే ఎరుక గద. నా సంకల కూసొని సూసినవ్.”

వాడు జెండాల వైపు చూశాడు. దక్షిణం మూలన రెండు ప్లాట్లు తనకు ఇస్తున్నారని, అందులో ఒకటి నీదే అనుకొమ్మని గొంతు తగ్గించి చెప్పాడు. అమృతమ్మ నీళ్ల సీసా మూత తీయకుండానే వాడి చేతిలో పెట్టి వచ్చేసింది.

ఆటోలో ఆమెకు కొయ్యలు, ప్లాట్లు ఏవీ గుర్తుకు రాలేదు. వాడు తన గొంతులో ముల్లు ఇరుక్కున్నప్పుడు ఏడవడానికి కూడా భయపడి, ఆమె చీర కొంగు పట్టుకుని దారంతా కళ్లు మాత్రం తిప్పుకుంటూ ఉండటం గుర్తొచ్చింది. అప్పటి ఆ పిడికిలి బిగువు కొంగుకు ఇంకా ఉన్నట్టే అనిపించింది. ఆటో నడుపుతున్న ఘియాసుద్దీన్ అద్దంలో చూసి పాట ఆపేశాడు.

రాజయ్యకు చెప్పింది. అతను వల ఒళ్లోకి లాక్కుని కన్నులు సరిచూడటం మొదలుపెట్టాడు. “నడింట్లకు చేపలొస్తే వల ఎయ్యాల్నా, తలుపు ఎయ్యాల్నా” అన్నాడు చివరికి. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

ఊరుకుంటే ఇల్లు వస్తుంది. మూడేళ్లో నాలుగేళ్లో చెరువు నిండకపోవచ్చు. ఆ నాలుగేళ్లూ తన తలుపు, తన నల్లా. నోరు విప్పితే ఆమెదే కాదు, ఇంకో ముప్ఫై ఐదు ఇళ్లు పోతాయి. రెండురోజులు ఆ మాటే మోసుకుని తిరిగింది. మూడోరోజు రుక్కమ్మ దగ్గరకు పోయింది. కొయ్యలు పాతే ఆడవాళ్లలో రుక్కమ్మ అందరికన్నా పెద్దది. కొడుకూ కోడలూ మనవలతో ఒకే రేకుల గదిలో ఉంటుంది. అంతా విని, నోట్లోని ఆకు ఉమ్మేసి వచ్చింది.

“ఒక్కదానివే పోయి పాతినవ్. ఇప్పుడు మునిగేటప్పుడు అందరం గావాల్నా?”

అమృతమ్మ తల ఎత్తలేదు. పాండు తనకు చేసిందే తను వీళ్లకు చేసిందని ఆమెకు అంతకుముందే తెలుసు. ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని కూడా అనుకుంది. తిట్టడం అయ్యాక రుక్కమ్మ లోపలికి పోయి, మంచం కింది నుంచి కొయ్యల మోపు బయటకు లాగింది. పాతడానికి ఇంకా పది రోజులుందిగా, ఇప్పుడే చెక్కుతున్నావేమిటని కోడలు అడిగింది. నీకెందుకే, పొయ్యి చూసుకో అంది రుక్కమ్మ.

కాంక్రీటు పోసేముందు పునాదులు చూడటానికి కొత్త ఇంజనీరు వస్తోందని తెలిసి, కొయ్యలు పాతే రోజును ఆ పొద్దుకే పెట్టుకున్నారు. ముప్ఫై ఆరు ఇళ్లలో పంతొమ్మిది ఇళ్ల ఆడవాళ్లే వచ్చారు. రానివాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

ఇంజనీరు పేరు ప్రియదర్శిని. మొన్నమొన్ననే ఇక్కడికి మారి వచ్చిన పిల్ల. ఆమె కారు దిగేసరికి, పాండు గొడుగు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కొయ్యలు చూపించి, ఇదే నీటి హద్దు, మా అత్తే స్వయంగా పాతింది అన్నాడు. ప్రియదర్శిని దస్త్రంలోంచి కాగితం తీసి అమృతమ్మ దగ్గరకు వచ్చింది. అమృతమ్మ ఒక గుండు మీద కూర్చుని ఉంది. ఆ పిల్ల నిలబడి అడగలేదు. పక్కనే, చీరకు చీర తగిలేంత దగ్గరగా కూర్చుంది. ముక్కు కొంచెం కూడా కదల్లేదు. అమృతమ్మ దానిని గమనించింది. అటువంటివి ఆమె ఎప్పుడూ గమనిస్తుంది.

“అమ్మా, ఈ సంతకం మీదేనా?”

“నాదే.”

“ఇళ్ల స్థలానికి నీళ్లు రావని, హద్దు మీరే చూపించారని ఇందులో రాసి ఉంది. చదివే సంతకం పెట్టారా?”

“సదువలేదమ్మా. ఇచ్చినోడు మా ఇంట్ల తిన్నోడు.”

పాండు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

అమృతమ్మ ఇంకేమీ చెప్పలేదు. తను చెబితే అది మళ్లీ ఒక్కదాని మాటే అవుతుంది. జర సేపు కూర్చుని చూడమని మాత్రం అడిగింది. ఆమె చేయి ఎత్తగానే రుక్కమ్మ తొమ్మిదిమందితో తూర్పు కొసకు పోయింది, తక్కినవాళ్లు పడమటి కొసకు. కిందనున్న కొయ్యల వైపు ఎవరూ చూడలేదు. గుండ్ల మీద చార చూశారు. హద్దురాళ్ల మొదట్లో నత్తగుల్లలు ఏరి చూశారు. చెప్పులు విప్పి మట్టి నొక్కారు. హద్దురాళ్ల వెంట, ఒకచోట రెండు రాళ్ల నడుమనుంచి, కొయ్యలు దిగుతూ వచ్చాయి. కావలి మనిషి అడ్డం రాబోతే, రాయి నీదా, నేల నీదా అని రుక్కమ్మ అడిగింది. అతను తప్పుకున్నాడు. గంట గడిచేసరికి రెండు వరుసలూ నడుమ కలిశాయి. ఆఖరి కొయ్య పాతడానికి గుంత తీయనక్కర్లేకపోయింది. మాఘంలో అమృతమ్మ పొడిచిన గుంత అక్కడ అలాగే ఉంది.

తవ్విన పునాదులన్నీ ఆ వరుసకు కింద ఉన్నాయి.

ప్రియదర్శిని లేచి, రెండు వరుసలూ కలిసిన చోటు దాకా పోయి చూసింది. పని ఆపించాల్సి వస్తుందని, వేరే స్థలం దొరికేదాకా ఇళ్లు రావని, అది ఏడాదో పదేళ్లో తను చెప్పలేనని అంది. పైనున్న ప్లాట్లు ఎక్కడికీ పోవని కూడా దాచకుండా చెప్పింది. గీత వాటికి సరిగ్గానే ఉంది.

“మీరంతా ఒకసారి ఆలోచించుకోండి. నేను కారులో ఉంటాను.”

“వద్దమ్మా. ఆలోచిస్తే ఇల్లే గావాలనిపిస్తది. రాయున్రి” అంది అమృతమ్మ.

 వచ్చేటప్పుడు రుక్కమ్మ దారిలో ఆగి, అమృతమ్మ చీరకు అంటిన పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీసి పారేసింది.

మృగశిరకు రెండురోజుల ముందే వాన పడింది. తెల్లారి అమృతమ్మ, రాజయ్య పోయి చూశారు. రేకులు కొన్ని పడిపోయాయి. వరద పునాదుల్లో నిండి, హద్దురాళ్లకు మూరెడు దూరంలో ఆగింది. సున్నంతో రాసిన నంబర్లు కరిగిపోయాయి గానీ, పంతొమ్మిదో నంబరు ఇల్లు ఏదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు గది పునాది మూలన నీళ్లు కదిలాయి. జత కొర్రమట్టలు. గడ్డి గీకేసినా వాటికి దారి మరుపు రాలేదు. మట్టిగోడకు మళ్లీ మొలిచిన నాలుగు తుంగపోచల దగ్గర మెల్లగా సుడులు తిరుగుతున్నాయి.

“మన ఇంట్లకు మనకంటే ముందే దిగినయ్” అన్నాడు రాజయ్య.

పునాది గుంతలో చేప పట్టడం చేతి నేర్పు ఉన్న ఎవరికైనా అరనిమిషం పని. రాజయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. గట్టు మీద బర్రెలు దిగబోతుంటే అదిలించి వచ్చాడు. ఇద్దరూ పొద్దెక్కేదాకా అక్కడే కూర్చున్నారు.

మృగశిరనాడు ప్రతి ఇంటా చేప వండాలి. వరదకు ముందు పట్టిన పరకలు సలేహా ఫ్రిజ్‌లో కింది అరలో ఉన్నాయి. అవి అందిస్తూ సలేహా, తన చిన్నాడబిడ్డ ముబష్షిరాను రాజేంద్రనగర్ వైపు గది చూడమన్నానని చెప్పింది. “చేపలు తినేటోళ్ల గల్లీ. ముందే అడిగిన, వాసనంటే పరేషాన్ అయితరా అని.” మొహసిన్‌తో ఇంకోమాటు మాట్లాడతాననలేదు. ఆమె చేతిలో ఉన్నంతే చెప్పింది.

మధ్యాహ్నం గేటు దగ్గర తెల్లకారు ఆగింది. ఏటా వచ్చినట్టే పాండు వచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, ఎప్పటి చోటనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “ఇంక కోపమేనా అత్తా” అన్నాడు. ప్లాట్లు సగం అమ్ముడుపోయాయని, తన మాట అలాగే ఉందని, ఒకటి నీ పేరునే రాయిస్తానని చెప్పాడు. రాజయ్య వల తీసుకుని బయటకు పోయాడు.

అమృతమ్మ కంచం పెట్టింది. అన్నం వేడిగానే వడ్డించింది. పులుసు నిండుగా పోసి, మూడు పరకలు వేసింది. మంచినీళ్లు కూడా పెట్టింది. వచ్చిన వాడికి అన్నం పెట్టకుండా ఉండటం ఆమెకు చేతకాదు.

పాండు అలవాటుగా కంచం ఆమె వైపు జరిపి, ఫోన్ తీసుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి కంచం తన ముందుకు తిరిగి రాలేదని గమనించి తల ఎత్తాడు. అమృతమ్మ పొయ్యి దగ్గర వీపు తిప్పి కూర్చుని, గిన్నె కడుగుతోంది.

“అత్తా” అన్నాడు.

“చల్లారుతది, తిను” అంది ఆమె. “ముండ్లున్నయ్. తీసుకోని తిను.”